మనకెందుకులే అనుకోవచ్చునా?

ట్రాములో మన పిల్లవాణ్ణి ఎవరో అనరాని మాట అంటారు. వాడు ఇంటికి వచ్చి చెబితే మనం చెప్పే సమాధానం ఒకటే: "ఎవడో తాగుబోతు అయివుంటాడు, పట్టించుకోకు నాన్నా." మా ఇంట్లోనూ అదే జరిగింది. మనం డాక్టర్లం, ఇంజనీర్లం, పన్నులు సక్రమంగా కట్టేవాళ్ళం. ఆ గొడవలన్నీ టర్కీవాళ్ళవీ, శరణార్థులవీ అని చాలామందికి ధీమా. ఆ ధీమాకు ఆధారమెంతో ఒకసారి చూద్దాం.

2000లో ష్రోడర్ ప్రభుత్వం కంప్యూటర్ నిపుణులకు గ్రీన్‌కార్డు ప్రకటించింది. భారతీయ ఇంజనీర్లు ఎందరో ఆ దారినే వచ్చారు. ఆ ఏడే నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా ఎన్నికల్లో క్రిస్టియన్ డెమోక్రాట్ నాయకుడు ర్యూట్‌గర్స్, కంప్యూటర్ల ముందు కూర్చోవలసింది భారతీయులు కాదు, మన పిల్లలు అన్నారు. అది 'కిండర్ ష్టాట్ ఇండర్' అనే నినాదమై ఊరూరా పాకింది. అప్పుడు వేలెత్తి చూపింది చదువుకున్న మనవైపే కదా!

2007 ఆగస్టులో సాక్సనీలోని మ్యూగెల్న్ అనే చిన్న ఊళ్ళో తిరునాళ్ళ వంటి ఉత్సవం జరుగుతోంది. సుమారు యాభైమంది మూక ఎనిమిదిమంది భారతీయులను వీధిలో తరిమి కొట్టింది. వాళ్ళు ఒక పిజ్జా దుకాణంలో దాక్కుంటే తలుపులు పగలగొట్టబోయారు. డెబ్భైమంది పోలీసులు వస్తేగాని మూక చెదరలేదు. ఆ తరువాత ఊరి మేయరు, మా ఊళ్ళో అటువంటి ముఠాలు లేవన్నారు.

లేవనుకోవడంలోనే అసలు ప్రమాదం వుంది. 2000 నుండి 2007 వరకు ఎన్.ఎస్.యు. అనే నయా నాజీ ముఠా పదిమందిని చంపింది. వారిలో ఎనిమిదిమంది టర్కీ మూలాలవారు, ఒకరు గ్రీకు, ఒకరు పోలీసు ఉద్యోగిని. న్యూరెంబర్గ్‌లో పూలమ్ముకునే ఎన్వర్ షిమ్‌షెక్ మొదటివాడు. పోలీసులు ఏళ్ళతరబడి మృతుల కుటుంబాలనే అనుమానించారు. నిజం బయటపడింది 2011లో. ప్రాణాలతో మిగిలిన ప్రధాన ముద్దాయి బేయాటె చెపెకు 2018లో మ్యూనిక్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది.

ఆ తప్పిదం నుండి ప్రభుత్వం కొంత నేర్చుకుంది. జాతిద్వేషంతో నేరం చేస్తే శిక్ష వేసేటప్పుడు ఆ ఉద్దేశాన్ని లెక్కలోకి తీసుకోవాలని 2015లో శిక్షాస్మృతిలో స్పష్టంగా చేర్చారు. ఒక జాతిపై జనాన్ని రెచ్చగొట్టడం 130వ సెక్షను కింద నేరం. కాంబాట్ 18 అనే ముఠాను 2020లోను, హామర్‌స్కిన్స్‌ను 2023లోను నిషేధించారు. అయినా 2019లో హాలెలో యూదుల ప్రార్థనామందిరంపై దాడి జరిగింది. 2020 ఫిబ్రవరిలో హానావ్‌లో వలస కుటుంబాలకు చెందిన తొమ్మిదిమందిని కాల్చి చంపారు. చట్టాలు వున్నంత మాత్రాన సరిపోదని తెలుస్తూనే వుంది.

ద్వేషంతో జరిగిన నేరమని కాగితం మీద పడకపోతే చట్టం ఏమి చేయగలదు? కాగితం మీద పడాలంటే మనం నోరు విప్పాలి. దాడి జరిగితే 110కి ఫోన్ చేయండి. వాళ్ళు అన్న మాటలను ఫిర్యాదులో ఉన్నదున్నట్లు రాయించండి. సాక్షుల పేర్లు అడిగి రాసుకోండి. బాధితులకు ఉచితంగా సలహా చెప్పే కేంద్రాలు రాష్ట్రాల్లో వున్నాయి, మొహమాటపడకండి.

ఇంకొక్క మాట. పక్కింటి టర్కీ కుటుంబానికి కష్టం వస్తే సాక్ష్యం చెప్పడానికి మనమూ వెళ్ళాలి. రాయి విసిరేవాడు మన డిగ్రీలు చూసి విసరడు. ఈసారి పిల్లవాడు ఇంటికి వచ్చి చెబితే, "పట్టించుకోకు" అనకుండా కూర్చోబెట్టి పూర్తిగా విందాం.