ఓటింగ్ బటన్

పాడేరులోని ఒక ఆఫీసు నుంచి డుంబ్రిగూడ, అనంతగిరి, హుకుంపేట మండలాల సిబ్బందికి మెయిల్ వెళ్లిందనుకుందాం: ‘సమీక్ష సోమవారమా, బుధవారమా?’ ముప్పై ‘సరే సార్’లు ఇన్‌బాక్స్‌ను ముంచెత్తకుండా కాసేదే ఓటింగ్ బటన్.

క్లాసిక్ అవుట్‌లుక్‌లో కొత్త మెయిల్ తెరిచి, ఆప్షన్స్‌లో ‘యూజ్ ఓటింగ్ బటన్స్’ నొక్కాలి. అవును, కాదు సిద్ధంగానే ఉంటాయి. సొంత జవాబులు కావాలంటే మధ్యలో సెమీకోలన్ పెట్టి రాసుకోవచ్చు. ఎవరు ఏది నొక్కారో పంపిన మెయిల్‌లోని ‘ట్రాకింగ్’లో పేర్లతో సహా తేలుతుంది. అంటే ఇది రహస్య ఓటు కాదు. బాస్ ప్రతిపాదనకు ‘కాదు’ నొక్కే ధైర్యం ఎందరికో! జీమెయిల్ వాడేవారికి బటన్లు కనిపించకపోవచ్చు. ఘాట్ మలుపులో సిగ్నల్ పోతే జవాబు అవుట్‌బాక్స్‌లోనే కూర్చుంటుంది.

మెయిల్ సంగతి అలా ఉంచితే, ఈ పాడేరు కొండల్లో అందరి మాటా తీసుకునే చోటు గ్రామసభ. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడోవంతైనా మహిళలుండాలి. సుప్రీంకోర్టు తీర్పు మేరకు 2013లో ఒడిశాలోని నియమగిరిలో 12 గ్రామసభలు జరిగాయి. బాక్సైట్ తవ్వకాలను పన్నెండూ వద్దన్నాయి.

ఆఫీసు మెయిల్‌కు ఇలాంటి కోరం (కనీస హాజరు) లెక్క లేదు. ఐదుగురు నొక్కినా బుధవారం ఖాయమైపోతుంది.