పగిలినా పడని గుమ్మటం

2019 ఏప్రిల్ 15న పారిస్‌లోని నోత్రదామ్ చర్చి పైకప్పు కాలిపోయింది. అంతకు ముందే లేజర్‌తో తీసి ఉంచిన కొలతలు దాని పునర్నిర్మాణానికి ఎంతో తోడ్పడగా, 2024 డిసెంబరులో అది మళ్లీ తెరుచుకుంది. అయితే కొలతలు కట్టడం ఆకారాన్ని చూపుతాయే గాని, దాని బరువు ఏ దారిన నేలకు దిగుతుందో చెప్పవు. అసలు చిక్కూ, అసలు అందమూ ఆ దారిలోనే ఉన్నాయి.

రాయీ సున్నమూ కలిసిన కట్టడం నొక్కుడును ఓర్చుకుంటుంది, లాగుడును దాదాపు ఓర్చుకోలేదు. కాబట్టి కమానులో ఒక రాయి మరో రాయికి బరువును అందించే బిందువులను కలిపితే వచ్చే గీత, అంటే ఒత్తిడి రేఖ, రాతి మందాన్ని దాటిపోకూడదు. వేలాడే గొలుసులో ఉండేది లాగుడే గనుక దాన్ని తలకిందులు చేస్తే నొక్కుడు మాత్రమే మిగులుతుందని, కమానుకు తగిన ఆకారం అదేనని 1675లోనే రాబర్ట్ హుక్ గ్రహించాడు. ఒత్తిడి రేఖ రాతి అంచును తాకిన చోట అతుకు విచ్చుకొని కీలుగా మారుతుంది. మూడు కీళ్లు ఏర్పడినా కమాను నిలుస్తుంది, సాధారణంగా నాలుగోది ఏర్పడితేనే కూలుతుంది.

ఈ లెక్కలో గొప్పవారు కూడా తడబడ్డారు. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ గుమ్మటం పగుళ్లను పరిశీలించిన ముగ్గురు గణితజ్ఞులు 1742లో అది ప్రమాదంలో ఉందని తేల్చారు. జొవాన్ని పొలేని మాత్రం గుమ్మటాన్ని 50 తొనలుగా ఊహించి, ఒక తొనను 32 భాగాలు చేసి, ఆ బరువుల నిష్పత్తిలో గుండ్లు కట్టిన గొలుసును వేలాడదీశాడు. తిరగేసిన గొలుసు గుమ్మటం మందంలోనే ఇమిడింది. అంటే నిలువునా చీలినా, ఎదురెదురు తొనలు ఒకదానికొకటి ఆనుకొని కమానుల్లా నిలుస్తాయన్నమాట. అయినా ఇనుప పట్టీలు బిగించారు, పొలేనీ కాదనలేదు.

రాళ్లు జారకుండా, నలగకుండా ఉన్నంతవరకు ఇలాంటి రేఖ ఒక్కటి ఇమిడినా కట్టడం క్షేమమేనని, అది నిజంగా ఏ రేఖను అనుసరిస్తుందో తెలియనక్కర్లేదని 1966లో జాక్ హేమన్ నిరూపించాడు. నేటి మంచి సాఫ్ట్‌వేర్లు ఆ రేఖలను మూడు కొలతల వలగా అల్లి వెతుకుతాయి. 1971లో పీటర్ కండల్ ప్రవేశపెట్టిన పద్ధతి అయితే రాళ్లను విడివిడి దిమ్మెలుగానే లెక్కించి, భూకంపంలో వాటి కదలికను చూపుతుంది. వీటిని వదిలి, గోడనంతటినీ అతికిన ఒకే ముద్దగా భావించే సాఫ్ట్‌వేరును నమ్మితే, లాగుడు ఉందంటూ తెరపై ఎర్రటి మచ్చలు తేలతాయి. వాటిని చూసి భయపడి సున్నపు గోడల్లోకి సిమెంటు ఎక్కించడం, ఉక్కు కడ్డీలు దింపడం విచారకరం.

పునాది ఇంకా కుంగుతోందా అన్నది మాత్రం ఏ నమూనా తనంతట తాను చెప్పలేదు. అందుకు పగులుకు అడ్డంగా గాజుపలకను అతికించి, అది విరుగుతుందేమోనని ఏళ్ల తరబడి కనిపెట్టి ఉండాలి.