మోగ్లీ మన గడపకు వచ్చిన దారి

సోదరీమణులారా, 1993లో ఆదివారం పొద్దున తలంటికి పిల్లల్ని పిలిస్తే ఒక్కరూ కదిలేవారు కారు, జ్ఞాపకముందా? కుంకుడు పులుసు చల్లారిపోయేది. దూరదర్శన్‌లో 'జంగిల్ బుక్' బొమ్మల కథ మరి!

అది ఎంత దూరం తిరిగి వచ్చిందో చూడండి. బొంబాయిలో పుట్టిన కిప్లింగ్ దొర 1894లో వెలువరించిన పుస్తకం. కథ మన సివనీ కొండలది. జపాన్‌లో నిప్పన్ యానిమేషన్ వారు దాన్ని 52 భాగాలుగా తీశారు. 1989 అక్టోబరులో అక్కడ మొదలై ఏడాది పైగా నడిచింది. ఆ తరవాత హిందీ మాటలతో మన ఇళ్లకు చేరింది. పులి షేర్‌ఖాన్‌కు గొంతు నానా పాటేకర్‌ది. పాట గుల్జార్‌ది, బాణీ విశాల్ భరద్వాజ్‌ది.

మా పిల్లవాడికి హిందీ ముక్క రాదు. అయినా ఒక్క వారం మానలేదు. ఏమర్థమవుతోందో అని నేనూ పక్కన కూర్చున్నాను. కిప్లింగ్ పుస్తకంలో పులి వచ్చి మనిషిబిడ్డను ఇమ్మంటే, తల్లి తోడేలు రక్ష ఎదురు తిరుగుతుంది, వీడు నా వాడేనంటుంది. ఆ సంగతి చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "కనకపోయినా అమ్మేనా?" అన్నాడు. అవున్రా అన్నాను. మా ఇంట్లో నన్ను పెంచింది మా పెద్దమ్మే.