బండి పికప్ అందుకోవడం లేదా? గాలి సెన్సర్ చూడండి
విడిభాగం మార్చే ముందు పరీక్ష ముఖ్యం.. శుభ్రం చేస్తేనే చాలాసార్లు ఫలితం

సారంగాపూర్: మామిడి కోతలు మొదలయ్యాయంటే సారంగాపూర్, బీర్‌పూర్ మండలాల తోటల నుంచి జగిత్యాల సమీపంలోని చల్గల్ మార్కెట్‌కు పికప్ వాహనాలు బారులు తీరుతాయి. యాసంగి వడ్ల తరలింపు కూడా దాదాపు అదే సమయంలో సాగుతుంది. వాహనదారులకు నాలుగు డబ్బులు మిగిలే ఈ రోజుల్లోనే పాత బండ్లు మొరాయిస్తుంటాయి. బండి ఆగితే కిరాయి పోతుంది, ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు. ఎండలో నిలిచిన కాయ మెత్తబడి రైతు కూడా ధర కోల్పోతాడు.

ఇలా మొరాయించే బండ్లలో టర్బో పోయిందనో, డీజిల్ పంపు పోయిందనో వేల రూపాయలు ఖర్చు చేసిన తర్వాత అసలు లోపం గాలిని కొలిచే చిన్న సెన్సర్ వద్ద బయటపడటం కద్దు. మెకానిక్‌లు దీన్ని మాఫ్ సెన్సర్ అంటారు. దీని పనితీరు తెలిస్తే వృథా ఖర్చును చాలావరకు తప్పించుకోవచ్చు.

ఎలా పనిచేస్తుంది?

ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే, టర్బోకు వెళ్లే గొట్టంలో ఈ సెన్సర్ ఉంటుంది. లోపల విద్యుత్తుతో వేడెక్కే సన్నని తీగ గానీ, పలుచని పొర గానీ అమర్చి ఉంటుంది. గాలి ఎంత ఎక్కువగా వెళితే ఆ పొర అంతగా చల్లబడుతుంది. దాన్ని బట్టి ఇంజిన్‌లోకి వెళ్లే గాలి బరువు ఎంతో ఇంజిన్ కంప్యూటర్‌కు తెలుస్తుంది.

బరువే ఎందుకంటే, వేడి గాలి పలుచగా ఉంటుంది. 15 డిగ్రీల చలి ఉదయంతో పోలిస్తే 43 డిగ్రీల ఎండలో అంతే పరిమాణం గల గాలి బరువు దాదాపు 9 శాతం తక్కువ. గాలి బరువుకు తగినంత డీజిల్ పడితేనే పొగ లేకుండా శక్తి వస్తుంది.

మెకానికల్ పంపుతో నడిచే బాగా పాత ఇంజిన్లలో ఈ సెన్సర్ ఉండదు. ఆ తర్వాత వచ్చిన కామన్ రైల్ ఇంజిన్లలో చాలావాటికి ఉంటుంది. దేశవ్యాప్తంగా 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు తప్పనిసరి కావడంతో ఇంజిన్ కంప్యూటర్ల పాత్ర మరింత పెరిగింది.

లక్షణాలివీ..

ఇంజిన్ లైటు వెలుగుతుంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి పికప్ అందుకోదు. సెన్సర్ గాలిని తక్కువగా చూపితే కంప్యూటర్ డీజిల్‌ను తగ్గించి శక్తిని కట్టేస్తుంది. ఎక్కువగా చూపితే డీజిల్ ఎక్కువై నల్లపొగ వస్తుంది. స్కానర్ పెడితే పీ0101, పీ0102, పీ0103 వంటి కోడ్‌లు కనిపిస్తాయి. మొదటిది గాలి లెక్క కుదరలేదని, రెండోది సంకేతం తక్కువగా ఉందని, మూడోది ఎక్కువగా ఉందని చెబుతాయి. సెన్సర్ మార్చాల్సిందేనని ఏ కోడూ చెప్పదు. పొరపాటు జరిగేది ఇక్కడే.

సెన్సర్ నిజమే చెబుతుండవచ్చు

2.5 లీటర్ల ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే గంటకు సుమారు లక్షన్నర లీటర్ల గాలి పీల్చుకుంటుంది. టర్బో ఉంటే ఇంకా ఎక్కువ. వడ్ల కల్లాల వద్ద, మట్టి బాటల్లో తిరిగే బండికి ఆ గాలితో పాటే దుమ్ము వస్తుంది. ఫిల్టర్ మూసుకుపోతే గాలి నిజంగానే తగ్గుతుంది.

పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి తెరుచుకునే ఉండిపోయినా తాజా గాలి తగ్గుతుంది. సెన్సర్ దాటిన తర్వాత గొట్టం పగిలినా, క్లిప్పు వదులైనా లెక్క తప్పుతుంది. ఈ మూడింటిలో ఏది జరిగినా కొత్త సెన్సర్ వేసినంత మాత్రాన ప్రయోజనం ఉండదు.

పరీక్ష ఇలా..

* మొదట ఫిల్టర్ తీసి చూడాలి. డబ్బా అడుగున చేరిన దుమ్ము తుడవాలి.
* గొట్టాలను వంచి చూస్తూ మడతల్లో పగుళ్లు వెతకాలి. క్లిప్పులు బిగించాలి.
* సెన్సర్ వైర్లను ఎలుకలు కొరికాయేమో, ప్లగ్గు పిన్నులకు తుప్పు పట్టిందేమో గమనించాలి.
* తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మల్టీమీటర్‌తో ప్లగ్గులో 12 ఓల్టుల సరఫరా, ఎర్త్ అందుతున్నాయో లేదో కొలవాలి. కొన్ని రకాలకు 5 ఓల్టుల సరఫరా కూడా ఉంటుంది. సరఫరా లేకపోతే లోపం వైరింగ్‌లోనో, ఫ్యూజులోనో ఉన్నట్లు.
* తాళం ఆఫ్ చేసి ప్లగ్గు ఊడదీసి, కొద్ది దూరం బండి నడపాలి. అప్పుడు కంప్యూటర్ తన వద్ద ఉన్న స్థిర విలువతో ఇంజిన్‌ను నడుపుతుంది. బండి మెరుగ్గా లాగితే సెన్సర్‌ను అనుమానించాలి. చాలా బండ్లలో ప్లగ్గు తీస్తే ఈజీఆర్ కూడా ఆగుతుంది కాబట్టి దాన్నీ పరిశీలించాలి. పరీక్ష సమయంలో ఇంజిన్ లైటు వెలగడం సహజమే.

శుభ్రం చేసేటప్పుడు జాగ్రత్త

ఇంజిన్ చల్లబడ్డాక సెన్సర్ విప్పి, ఆ పనికే అమ్మే మాఫ్ క్లీనర్ స్ప్రేను దూరం నుంచి కొట్టాలి. గుడ్డ, బ్రష్, దూదిపుల్లతో ముట్టుకోరాదు. వెంట్రుక కన్నా నాజూకైన పొర అది. పెట్రోలు, కార్బొరేటర్ క్లీనర్ వాడితే పాడవుతుంది. కంప్రెసర్ గాలి అసలే పనికిరాదు. పూర్తిగా ఆరిన తర్వాతే బిగించాలి.

ఫిల్టర్‌కు నూనె పూసే అలవాటు ఉంటే మానుకోవాలి. ఆ నూనె పొరపై చేరి దుమ్మును పట్టి ఉంచుతుంది. నీళ్లతో కడిగిన కాగితపు ఫిల్టర్‌నూ తిరిగి వాడరాదు.

మార్చక తప్పకపోతే..

శుభ్రం చేసినా కోడ్ మళ్లీ వస్తుంటే, వైరింగ్, గొట్టాలు, ఈజీఆర్ బాగున్నాయని తేలితే అప్పుడు సెన్సర్ మార్చాలి. పాతదానిపై ఉన్న పార్టు నంబరు చూసి అదే కొనాలి. చూడటానికి ఒకేలా ఉన్నా నంబరు మారితే లెక్క తప్పుతుంది. బిగించేటప్పుడు గాలి వెళ్లే దిశను చూపే బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉండాలి. స్కానర్‌తో పాత కోడ్ తుడిచేసి, లోడుతో ఒకసారి నడిపి చూశాకే పని పూర్తయినట్లు.

కోతలు మొదలయ్యే ముందే ఫిల్టర్, గొట్టాలు, ప్లగ్గులు చూసుకోవడానికి అరగంట చాలు. మెకానిక్ వద్దకు వెళ్లినప్పుడు కోడ్ ఏమిటో, ఏయే పరీక్షలు చేశారో అడిగి తెలుసుకున్నాకే ఏ విడిభాగానికైనా డబ్బు చెల్లించడం మేలు.