చర్చి గొంతు.. లోకమంతా విన్నది

సైటులో బరువైన సామాను ఎత్తాలంటే మనవాళ్ల నోట 'ఐలేసా' దానంతటదే వచ్చేస్తుంది. పదిమంది ఊపిరి, బలం ఒకేసారి పడాలి కదా! ఆ ఊపునే పాటగా కట్టి 1960లో అమెరికా అంతా వినిపించిన గాయకుడు శామ్ కుక్. కచేరీలకు తిరుగుతుండగా రోడ్డు మీద సంకెళ్లతో పనిచేస్తున్న ఖైదీలు కనిపించారు. అన్నదమ్ములిద్దరూ జాలిపడి వాళ్లకు సిగరెట్లు పంచారని చెబుతారు. ఆ ఖైదీల మూలుగులనే తాళం చేసి 'చైన్ గ్యాంగ్' పాట రాశారు. బిల్‌బోర్డ్ పాప్ జాబితాలో అది రెండో స్థానానికి చేరింది. కట్టుబడి పనుల్లో ఉన్న మాలాంటి వాళ్లం ఆ పాట వింటే, ఈయనకు పని చప్పుడు తెలుసు అనుకుంటాం.

పాస్టరు గారి అబ్బాయి

శామ్ 1931లో మిసిసిపీ రాష్ట్రంలోని క్లార్క్స్‌డేల్‌లో పుట్టారు. తండ్రి పాస్టరు. దక్షిణాది నల్లజాతి కుటుంబాలు బతుకుతెరువు కోసం ఉత్తరాది పట్నాలకు తరలిపోతున్న రోజులవి. వీళ్లూ షికాగో చేరారు. ఒక రకంగా మనలాగే వలస జీవులు. చిన్నప్పుడే తోడబుట్టిన వాళ్లతో కలిసి చర్చిలో పాడారు. ఇరవై ఏళ్లు నిండేసరికి 'సోల్ స్టిరర్స్' అనే పేరున్న గాస్పెల్ బృందంలో ముఖ్య గాయకుడయ్యారు. గాస్పెల్ అంటే నల్లవాళ్ల చర్చిల్లో పుట్టిన భక్తి పాట. మన భజనలో మాదిరిగా ఒకరు అందుకుంటే మిగతావాళ్లు వంత పాడతారు. అయితే శామ్ కేకలు పెట్టరు. ఒక్క అక్షరాన్ని మెల్లగా సాగదీసి, అలలా తిప్పి వదులుతారు. అదే ఆయన ముద్ర.

దేవుడి పాట.. ప్రేమ పాట

1956లో 'వండర్‌ఫుల్' అనే భక్తి పాటను 'లవబుల్' అనే ప్రేమ పాటగా మార్చి పాడారు. గాస్పెల్ అభిమానులకు కోపం వస్తుందని డేల్ కుక్ అని పేరు మార్చుకున్నారు. అంత తెలిసిన గొంతు, దాస్తే దాగుతుందా? చివరికి బృందం నుంచి బయటికొచ్చేశారు. 1957లో 'యూ సెండ్ మీ' మొదటి స్థానం కొట్టింది. దేవుణ్ణి పిలిచిన ఆ గొంతుతోనే మనిషిని పిలవడం.. సోల్ సంగీతానికి దారి వేసిన వాళ్లలో రే చార్ల్స్‌తో పాటు ఈయనా ఒకరు.

తన కష్టం తనకే దక్కాలని సొంత పాటల హక్కుల కంపెనీ పెట్టుకున్నారు. స్నేహితులతో కలిసి 'సార్' రికార్డ్స్ నడిపారు. బాబీ వోమాక్ అన్నదమ్ములు చర్చి పాటల నుంచి సోల్‌లోకి వచ్చింది అక్కడే. డెట్రాయిట్ పాస్టరు కూతురు అరెతా ఫ్రాంక్లిన్, జార్జియా వాడు ఓటిస్ రెడ్డింగ్ కూడా ఆయన పాటలను మళ్లీ పాడినవాళ్లే.

గది లేదన్నారు

ఇంత పేరున్నా 1963 అక్టోబరులో లూసియానాలోని శ్రీవ్‌పోర్ట్‌లో తెల్లవాళ్ల హోటల్ ఆయనకు గది ఇవ్వలేదు. ఊరుకోలేదు, గట్టిగా అడిగారు. ఫలితం.. అరెస్టు. డబ్బు, పేరు ఉన్న మనిషికే ఇలా జరిగితే మామూలు కూలీ మాటేమిటి? 1964 జనవరిలో 'ఎ చేంజ్ ఈజ్ గానా కమ్' రికార్డు చేశారు. మార్పు వచ్చి తీరుతుందనే ఆ పాట పౌరహక్కుల ఉద్యమానికి గొంతైంది. అది సింగిల్‌గా బయటికి రాకముందే, డిసెంబరు 11న లాస్ ఏంజెలెస్‌లోని ఒక మోటెల్‌లో తుపాకీ గుండుకు బలయ్యారు. వయసు 33. శ్రీవ్‌పోర్ట్ మేయర్ ఆయన కుటుంబానికి క్షమాపణ చెప్పింది 2019లో!

సెలవు రోజున రూములో తీరిగ్గా ఉన్నప్పుడు ముందు సోల్ స్టిరర్స్ పాట ఒకటి, ఆ వెంటనే 'ఎ చేంజ్ ఈజ్ గానా కమ్' పెట్టుకుని వినండి. ఇంగ్లిషు మాటలు అన్నీ అర్థం కాకపోయినా ఫర్వాలేదు. చర్చిలో పాడిన గొంతూ, హోటల్ గుమ్మంలో నిలబడి హక్కు అడిగిన గొంతూ ఒకటేనని మీకే తెలుస్తుంది.