గేటేదిరా అబ్బాయ్?

కాలిఫోర్నియాలోని డెల్ మార్ దగ్గర రైలు సముద్రం అంచునే పోతుంది. పట్టాల పక్కనే జనం నడిచే దారి. ప్రాణాలు పోతున్నాయి, కంచె వేస్తామంటుంది రైలు సంస్థ. సముద్రానికి దారి మూస్తే ఒప్పుకోమంటుంది ఊరు. ఏళ్ల తరబడి సాగుతున్న ఈ తగువు బాపట్ల వాళ్లకీ, చీరాల వాళ్లకీ కొత్తేం కాదు.

అమ్మది బాపట్ల. చిన్నప్పుడు రోజూ రైలుకట్ట దాటి బడికెళ్లిన మనిషి. కట్ట ఎక్కేముందు ఆగి, ఆ పక్కా ఈ పక్కా చూసి, పట్టా మీద కాలు పడకుండా దాటడం ఆమెకు ఇప్పటికీ పోని అలవాటు. మేముండేది శాన్‌డియాగోలో. సొరెంటో వ్యాలీ, కార్మెల్ వ్యాలీ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్లకి డెల్ మార్ దగ్గరి సముద్రం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మొదట తీసుకెళ్లేది అక్కడికే. మేమూ అలాగే వెళ్లాం.

వీధి చివర కారు ఆపి నాలుగడుగులు వేస్తే రోడ్డు అయిపోయింది. తర్వాత కంకర. కంకర మీద పట్టాలు. పట్టాలకు ఆవల పెద్ద అరుగంత నేల. అది దాటితే నిట్టనిలువుగా తెగిన గట్టు, యాభై అరవై అడుగుల కింద పసిఫిక్ మహాసముద్రం. ఇద్దరు కుర్రాళ్లు సర్ఫింగ్ బోర్డులు చంకన పెట్టుకుని పట్టాలు దాటి గట్టు దిగిపోయారు. వాళ్ల వెనకే కుక్కను పట్టుకుని ఒక పెద్దాయన. అమ్మ మాత్రం కంకర దగ్గరే ఆగిపోయింది. ఎడమకీ కుడికీ చూసింది. 'గేటేదిరా అబ్బాయ్?' అంది.

గేటు లేదు. ఉన్న ఒక్కటీ గట్టుకు ఉత్తర కొసన, కోస్ట్ బులెవార్డ్ దగ్గర. అక్కణ్నుంచి దక్షిణాన టోరీ పైన్స్ బీచి దాకా మైలున్నర పైచిలుకు గట్టు మీద చట్టప్రకారం పట్టాలు దాటడానికి ఒక్క చోటూ లేదు. ఊళ్లోని వీధులన్నీ మాత్రం వరసగా వచ్చి పట్టాల దగ్గరే ఆగుతాయి. ఆ చివర్లలో 'నో ట్రెస్‌పాసింగ్' బోర్డులు ఉన్నాయి. బోర్డు కాళ్ల దగ్గర నేల అరిగి గుంటపడి ఉంది.

ఎవరూ వెయ్యని దారి

పట్టాలకీ అంచుకీ మధ్య ఉన్న ఆ కాలిబాట ఎవరూ వేసింది కాదు, నడవగా నడవగా పడింది. వెడల్పు రెండు పాదాలంత. మధ్యలో నేల నలిగి పిండిలా ఉంటుంది. రెండు పక్కలా దళసరి ఆకుల ఐస్ ప్లాంట్ తీగ అల్లుకుని ఉంటుంది. చివరికి మేమూ పట్టాలు దాటి ఆ బాట మీద కాస్త నడిస్తే ఒకచోట దారి రెండుగా చీలినట్టు కనిపించింది. ఒక పాయ పట్టాల వైపు వంగి ముందుకు పోతోంది. రెండోది తిన్నగా పోయి గాలిలో ఆగిపోయింది. అది పాత దారి. దాని కింది గట్టు విరిగి సముద్రంలో పడిపోతే, జనం పక్కకు జరిగి కొత్తది తొక్కారు. ఆ కొత్త దారి పట్టాలకు ఇంకాస్త దగ్గర.

ఈ తగువులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఈ చీలికే. ఈ గట్టు సగటున ఏటా అర అడుగు చొప్పున తరిగిపోతోంది. సగటు అంటున్నాం గానీ, కొన్నేళ్లు ఏమీ కాదు, ఒక్క వానకి గదంత ముక్క ఊడిపోతుంది. కింద గట్టి రాతి పొరను అలలు తొలుస్తాయి. పైన లేత ఇసుకరాయిలోకి వాననీరూ, పై ఇళ్ల తోటలకు పెట్టే నీరూ ఇంకి దిగుతాయి. సముద్రం నేలను తింటున్నకొద్దీ మనుషులు రైలు వైపుకి జరుగుతున్నారు. కంచె వేస్తే ఆ జరిగే చోటు కూడా ఉండదు.

ఇక్కడికి పట్టాలు 1910లో వచ్చాయి. అంతకుముందు ఊళ్లోంచి పోయే లైనును శాంటా ఫే రైల్వే గట్టు మీదికి మార్చింది. అప్పట్లో గట్టు ఇంకా వెడల్పు, సముద్రం ఇంకా దూరం. 1990లలో ఈ లైను నార్త్ కౌంటీ ట్రాన్సిట్ డిస్ట్రిక్ట్ అనే ప్రభుత్వ సంస్థ చేతికొచ్చింది. 1995లో వాళ్ల కోస్టర్ లోకల్ రైళ్లు మొదలయ్యాయి. ఆమ్‌ట్రాక్ పసిఫిక్ సర్ఫ్‌లైనర్, బీఎన్‌ఎస్‌ఎఫ్ గూడ్సు బళ్లూ దీని మీదే నడుస్తాయి. కోవిడ్‌కి ముందు రోజుకు దాదాపు 50 రైళ్లు తిరిగేవి. శాన్‌డియాగోను మిగతా దేశంతో కలిపే రైలుమార్గం ఇదొక్కటే. అక్కడి నౌకాదళ స్థావరాల వల్ల దేశ రక్షణకు కీలకమైన రైలు మార్గాల జాబితాలోనూ ఇది ఉంది. కాబట్టి లైను మూసెయ్యండి అని తేలిగ్గా అనగలిగింది కాదు.

రైలు నడిపేవాళ్ల మాట

రైలు సంస్థ మాటలో నిజం ఉంది, దాన్ని పూర్తిగా వినాలి. వేగంగా వస్తున్న రైలు బ్రేకు వేశాక ఆగడానికి చాలా దూరం పడుతుంది. గూడ్సు బండికైతే మైలు కూడా పట్టవచ్చు. డ్రైవరు మనిషిని చూసేసరికే ఆయన చేతిలో హారన్ తప్ప ఏమీ మిగలదు. పెట్టె పట్టాల మీదే ఉండదు, రెండు పక్కలా మూడడుగుల దాకా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. మీరు పట్టాల బయటే నడుస్తున్నామనుకుంటారు, రైలు లెక్కలో మీరు లోపలే ఉన్నారు. పైగా ఇది సముద్రం. ఆ గాలి, ఆ హోరు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు కూడా ఉంటే మరీను.

మేం వెళ్లిన రోజున కోస్టర్ ఒకటి మా వెనక నుంచి వచ్చింది. చప్పుడు చెవిని తాకిన కాసేపటికే బండి పక్కన ఉంది. అమ్మ చెయ్యి నా మోచేతిని పట్టుకున్న బిగువు ఇంకా గుర్తుంది. అమెరికాలో రైలుపట్టాల మీదికి అనుమతి లేకుండా వెళ్లి చనిపోయేవాళ్లు ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 500కు పైనే. అక్కడ రైలు మరణాలకు మొదటి కారణం ఇదే. ఒక్కొక్క మరణం వెనక ఒక డ్రైవరు ఉన్నాడు. ఆ కొద్ది సెకన్లు ఆయనకు జీవితాంతం ఉంటాయి. కంచె అడిగేవాళ్లను సముద్రానికి శత్రువులుగా చూపడం అన్యాయం.

ఊరి మాట

ఊరి మాటకూ బలం ఉంది. సముద్రానికి దారి అన్నది కాలిఫోర్నియాలో సరదా కాదు, హక్కు. 1879 నాటి రాష్ట్ర రాజ్యాంగంలోనే పడవలు తిరగగల జలాల దగ్గరికి జనం వెళ్లే దారిని ఎవరూ అడ్డగించకూడదని ఉంది. 1972లో ప్రజలు స్వయంగా ఓటేసి తీర పరిరక్షణ కమిషన్‌ను తెచ్చుకున్నారు. 1976లో కోస్టల్ యాక్ట్ వచ్చింది. అంతకుముందే, 1970లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు శాంటా క్రూజ్ కేసులో ఒక పెద్ద మాట చెప్పింది: తీరంలోని ఒక దారిని జనం ఐదేళ్లకు మించి ఎవరినీ అడక్కుండా తమదిగా వాడుకుంటే, అది జనానికి ఇచ్చేసినట్టే లెక్క. మరుసటి ఏడాదే శాసనసభ దానికి పరిమితులు పెట్టింది. అయినా ఆ తీర్పు మిగిల్చిన భావన ఇప్పటికీ తీరంలో బతికే ఉంది. ఐదేళ్లకే హక్కు వస్తే, తాతల నాటి నుంచి నడుస్తున్నవాళ్ల మాటేమిటని డెల్ మార్ వాళ్లు అడుగుతారు.

ఇంకో సంగతి కూడా ఉంది, బయటివాళ్లకు వెంటనే తట్టనిది. పోటు వేళ గట్టు కింద ఇసుక మిగలదు, అల వచ్చి గోడను కొడుతుంది. అప్పుడు నడవడానికి ఉన్నది గట్టు మీది ఈ బాటే. పోనీ ఇసుక ఉన్నప్పుడు కింద నడుద్దామంటే ఆ గట్టు నీడ కూడా నమ్మదగింది కాదు. 2019 ఆగస్టులో ఇక్కడికి ఉత్తరాన లూకేడియాలో చరియ విరిగి కింద కూర్చున్న వాళ్ల మీద పడింది. ఒకే కుటుంబానికి చెందిన ముగ్గురు స్త్రీలు చనిపోయారు. అందుకే కంచె వల్ల జనం అంచుకు ఇంకా దగ్గరగా నడవాల్సి వస్తుందని, స్తంభాల కోసం తవ్వితే అసలే బలహీనమైన గట్టు ఇంకా దెబ్బతింటుందని ఊరు వాదించింది.

ఎవరి మాట చెల్లాలి?

2020 ఆగస్టులో రైలు సంస్థ వాషింగ్టన్‌లోని సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు తలుపు తట్టింది. రైలు విషయాల్లో ఆ బోర్డుదే అధికారమని 1995 నాటి కేంద్ర చట్టం చెబుతుంది కాబట్టి, రాష్ట్ర తీర చట్టం, ఊరి నిబంధనలు ఇక్కడ చెల్లవని తేల్చమంది. ఊరూ, తీర కమిషనూ ఎదురు నిలిచాయి. తర్వాత స్థానికులూ కోర్టుకెక్కారు. కంచె ఎంత ఎత్తు, ఏ రకం అన్నది పక్కకుపోయి, అసలు ఇక్కడ ఎవరి మాట చెల్లాలన్నది ముందుకొచ్చింది. వీధి చివర నిలబడ్డ మనిషికి ఆ కాగితాల్లో దొరికింది ఏమీ లేదు. ఆయన అప్పుడూ ఆ పక్కా ఈ పక్కా చూసి దాటాడు.

నేల మాత్రం తీర్పు కోసం ఆగలేదు. 2019 నవంబరు చివర్లో వానకు గట్టు కోసుకుపోయి రైళ్లు ఆగాయి. 2021 ఫిబ్రవరి 28న ఇంకో పెద్ద ముక్క జారింది. గట్టులోకి కాంక్రీటు స్తంభాలు దించే పనులు విడతలవారీగా ఏళ్లుగా నడుస్తున్నాయి, కొన్నిచోట్ల అవి పళ్లలా బయటపడి కనిపిస్తాయి. లైనునే ఊరి అడుగున సొరంగంలోకి మార్చే ఆలోచన కోసం 2022లో రాష్ట్రం 30 కోట్ల డాలర్లు కేటాయించింది. పూర్తి ఖర్చు వందల కోట్ల డాలర్లు. సొరంగం ఏ ఇళ్ల కింద పోవాలన్నది మళ్లీ వేరే గొడవ. అది జరిగినా ఎన్నో ఏళ్ల తర్వాతి మాట. అప్పటిదాకా పిల్లలు బోర్డులు చంకన పెట్టుకుని ఇక్కడే దాటాలి.

కంచె ఉంది, దారీ ఉంది

ఇదే లైను మీద ఉత్తరాన శాన్ క్లెమెంటే ఉంది. అక్కడా ఇంతే, పట్టాలు బీచి పక్కనే. ఒకప్పుడు అక్కడి జనం కూడా పట్టాల వెంటే నడిచేవారు. ఆ ఊరు పట్టాల పక్కన రెండు మైళ్లకు పైగా పొడవున్న నడక దారి వేసింది. దారికీ పట్టాలకీ మధ్య కంచె పెట్టింది. దాంతోపాటే దాటడానికి చోట్లు కూడా కట్టింది. కొన్నిచోట్ల గేట్లు, గంటలు. కొన్నిచోట్ల పట్టాల కింద నుంచి దారి. అక్కడ కంచెను ఎవరూ కోసెయ్యరు, ఎందుకంటే దాని అవసరం లేదు, కాస్త దూరంలోనే గేటు కనిపిస్తూ ఉంటుంది. అక్కడ కష్టాలు తీరిపోయాయని కాదు. 2024 జనవరిలో చరియ జారి ఆ నడక దారి వంతెన కూడా విరిగింది. ఇదే లైను మీది ఎన్సినిటాస్‌లో ఒక బడికి దగ్గరగా, ఎల్ పోర్టల్ వీధి దగ్గర పట్టాల కింద నడక దారి తవ్వి 2022లో తెరిచారు. సముద్రం ఆవలి ఇంగ్లండులో డాలిష్ అనే ఊళ్లో ఇంజనీరు బ్రూనెల్ వేసిన లైను 1846 నుంచి అలల పక్కనే నడుస్తోంది. 2014 ఫిబ్రవరి తుపానుకు పట్టాలు గాలిలో వేలాడాయి. తిరిగి కట్టేటప్పుడు సముద్రపు గోడను ఎత్తుగా లేపి, దాని మీద జనం నడిచేందుకు వెడల్పాటి దారి వేశారు.

మన దగ్గర చూసింది కూడా ఇక్కడ గుర్తుకొచ్చి తీరుతుంది. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం పట్టాల మీదికి అనుమతి లేకుండా వెళ్తే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ సెక్షన్ ఉండగానే, ఏటా దాదాపు 15,000 మంది పట్టాల మీద చనిపోతున్నారని 2012లో రైలు భద్రత మీద వేసిన కాకోద్కర్ కమిటీ లెక్క చెప్పింది. అందులో 6,000 మంది ఒక్క ముంబై లోకల్ లైన్లలోనే. శిక్షలు, బోర్డులు మనుషుల్ని ఆపలేదు. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ ఎత్తేశారు. చాలా మంచి పని, ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కానీ గేటు తీసేసిన చోట కట్టిన అండర్‌బ్రిడ్జిలో వానాకాలం మోకాలి లోతు నీళ్లు నిలిస్తే ఏమవుతుందో మన ఊళ్లలో ఎవర్ని అడిగినా చెబుతారు. పొలానికి వెళ్లే మనిషి గొడుగు ముడిచి, కంకర ఎక్కి, పట్టాల మీదుగానే పోతాడు. ఆయనకు చావంటే భయం లేక కాదు. అవతల పొలం ఉంది.

అందుకే డెల్ మార్‌లో నేను ఊరి పక్షమూ కాదు, రైలు సంస్థ పక్షమూ కాదు. కంచె కావాలి. కానీ ముందు దాటే చోటు కట్టాలి. పదకొండో వీధి దగ్గర ఒకటి, దక్షిణాన ఇంకొకటి. గేటైనా సరే, కింద నుంచైనా సరే. వాటిని కట్టాక మిగతా పొడవునా కంచె వెయ్యమనండి, నేను ఆ కంచె పక్కనే నిలబడతాను. దారి ఇవ్వకుండా కంచె వేస్తే మొదటి వారంలోనే ఎక్కడో ఒకచోట వంగుతుంది. వంగిన చోట నుంచి దూరిన మనిషికి ఎదురుగా వచ్చే రైలు కనపడే వీలు కూడా తగ్గుతుంది. గేటు కట్టడానికి ఖర్చవుతుంది, అనుమతులు రావు, బాధ్యత ఎవరిదన్న వాదన వస్తుంది అంటారు. ఒక శతాబ్దం పైగా జనం దాటుతున్న చోట బాధ్యత ఎవరిదో తేల్చుకోవడానికి ఇంతకాలం చాలలేదా?

ఆ రోజు అమ్మ వీధి చివర నుంచి ఇంకోసారి పట్టాలు దాటడానికి ఒప్పుకోలేదు. 'గేటున్న చోటికే పోదాం పద' అంది. గట్టు మీద నుంచి వెనక్కి తిరిగి, సీగ్రోవ్ పార్కు దాటి కోస్ట్ బులెవార్డ్ దాకా నడిచాం. అమ్మ చెప్పులు చేతబట్టుకుని నడిచింది, నేల కాలికి తగలాలని. మేం వెళ్లేసరికి గంట మోగుతోంది, ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి, గేటు కర్ర దిగింది. రెండు పక్కలా జనం ఆగారు. బోర్డులు పట్టుకున్న కుర్రాళ్లు, తోపుడు బండిలో పాపతో ఒక తల్లి, తడి ఒంటితో ముసలాయన. వాళ్లలో కొందరు పొద్దున వీధి చివర దాటినవాళ్లే అయ్యుంటారు. ఒక్కరూ కర్ర కింద నుంచి వంగి దూరలేదు. సర్ఫ్‌లైనర్ పెట్టెలు ఒకదాని వెనక ఒకటి గాలిని కోసుకుంటూ పోయాయి. గంట ఆగింది. కర్ర లేచింది. అమ్మ పట్టా మీద కాలు పడకుండా అవతలికి దాటింది.