పసిబిడ్డ చూపు – నలుపు తెలుపు బొమ్మలు

మిరపకోతల వేళ మా గుంటూరు పల్లెలలో చేను గట్టున వేపకొమ్మకు కట్టిన చీర ఉయ్యాల కనబడుతుంది. అందులోని బిడ్డ ఆకుల నడుమ వెలుగునీడలను తదేకంగా చూస్తూ ఉంటుంది. నేడు పట్టణాలలో అదే పనికి నలుపు తెలుపు గీతల అట్టలు, బొమ్మలు కొంటున్నారు. వీటివలన బిడ్డకు తెలివి పెరుగుతుందా అని తల్లులు నన్ను అడుగుతున్నారు.

తెలివి మాట అటుంచి చూపు మాట చెబుతాను. అప్పుడే పుట్టిన శిశువునకు జానెడు, జానెడున్నర దూరంలోని వస్తువే కొంత స్పష్టంగా కనబడుతుంది. లేత రంగుల భేదం అంతగా తెలియదు. నలుపు తెలుపుల వంటి గట్టి భేదమే దృష్టిని ఆకర్షిస్తుంది. నవజాత శిశువులు సాదా పలకల కంటె గీతలు, ముఖాకృతి గల పలకలను ఎక్కువసేపు చూస్తారని అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫాంట్జ్ 1960వ దశకంలో నిరూపించారు.

ఆ భేదాలన్నీ తల్లి ముఖంలోనే ఉన్నాయి. నుదుటిపై నల్లని జుట్టు, కనుబొమలు, కళ్లు, బొట్టు! పాలిచ్చేటప్పుడు ఆ ముఖం బిడ్డకు జానెడు దూరంలోనే ఉంటుంది. కావున తొలి ఆటబొమ్మ తల్లి ముఖమే.

బొమ్మ ఎట్లుండవలె?

చరకసంహిత శారీరస్థానం 8వ అధ్యాయంలోని ఆటవస్తువుల లక్షణాలను మా గురువుగారు నాచేత వల్లె వేయించారు. అవి రంగురంగులుగా, ఇంపుగా, తేలికగా, చప్పుడు చేసేవిగా ఉండాలి. మొన ఉండరాదు, నోటిలో పట్టరాదు, ప్రాణహాని చేయరాదు, భయపెట్టరాదు. గోడ నిండా అట్టలు అంటించి బిడ్డను బెదరగొట్టకండి.

నలుపు తెలుపు గళ్ల నేతగుడ్డ ముక్క చాలు. కడుపు నిండి మెలకువగా ఉన్నప్పుడు జానెడు దూరంలో పట్టుకొని మెల్లగా అటూ ఇటూ కదపండి. రెండు మూడు నిమిషాలు చాలు. బిడ్డ ముఖం తిప్పుకుంటే ఆపండి. ఉయ్యాలలో త్రాళ్లు, గుడ్డలు వదలరాదు. మిరపకాయలు ముట్టిన చేతులు సబ్బుతో కడుగనిదే బిడ్డను తాకరాదు. అంజనం మా శాస్త్రంలో ఉన్నదే అయినా, అంగడి కాటుకలో సీసం ఉండవచ్చును. బిడ్డ కంటికి పెట్టకండి.

నా పొరపాటు

చాలా ఏండ్ల క్రిందట మూడు నెలల బిడ్డను తెచ్చి, దీపం వంక చూడటం లేదన్నారు. చూపు నిదానంగా కుదురుతుందని చెప్పి పంపాను. ఐదవ నెలలో తెచ్చినప్పుడు కనుపాపలలో తెల్లదనం కనబడింది. పుట్టుకతో వచ్చిన శుక్లాలు. శస్త్రచికిత్స జరిగినా పూర్తి చూపు రాలేదు. వెలుగు సోకని కంటితో చూడటం మెదడు నేర్చుకోలేదు. ఆ నేర్పు కుదిరేది తొలి నెలలలోనే. ఆ రెండు నెలలు నా మాటవలన పోయినవే.

కావున ఈ బొమ్మల అసలు ప్రయోజనం తెలివి పెంచటం కాదు. బిడ్డ చూస్తున్నదా లేదా అని మనకు తెలియజేయటం. మూడు నెలలు నిండినా వస్తువు వెంట చూపు త్రిప్పకపోయినా, ఏ వయసులోనైనా కనుపాప తెల్లగా మెరిసినా, నాలుగు నెలలు దాటినా మెల్ల నిలిచి ఉన్నా నేత్రవైద్యునికి చూపండి. గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో నేత్రవిభాగాలు ఉన్నాయి. నావంటి వైద్యుడు ఆగమన్నా ఆగకండి.